పాయింట్లు సరిచేసే మనిషి

మూడేళ్లుగా మా కారు చెడిపోవడానికి కారణం నేనే. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున దేవుడి ముందు నిలబడి ఉన్నవీ లేనివీ అన్నీ చెప్పుకునేవాణ్ణి కానీ, ఈ ఒక్కటి వచ్చేసరికి దణ్ణం పెట్టేసి పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆయనకి తెలియదని కాదు. నేను చెప్పలేదు కదా అని ఒక ధైర్యం.

నేను దర్జీని. బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. మూటలు భుజాన మోసుకుని తిరగలేక, ముప్పై ఏళ్ల క్రితం ఒక పాత కారు కొన్నాను. నా దగ్గరికి వచ్చేసరికే అది ఒకరి చేతిలో పదేళ్లు తిరిగింది. ఆ కాలం కార్లలో ఇప్పటిలా కంప్యూటర్లు ఉండవు. బానెట్ ఎత్తితే ఇంజను పక్కన గిన్నెలాంటి నల్లటి మూత, దాన్నుంచి బయటికొచ్చే లావుపాటి వైర్లు కనిపిస్తాయి. దాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారు. నాలుగు ప్లగ్గులకీ ఎవరి వంతు రాగానే వాళ్లకి కరెంటు వడ్డించేది అదే. మూత తీస్తే లోపల రెండు చిన్న లోహపు ముక్కలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి పేరు పాయింట్లు. ఇంజను తిరిగినంతసేపూ అవి కలుసుకుంటూ, విడిపోతూ ఉంటాయి. అవి బాగా విచ్చుకున్నప్పుడు మధ్యలో ఉండాల్సిన ఎడం ఒక అట్టముక్క మందం. అది తప్పితే బండి మొరాయిస్తుంది. అందుకని కొన్ని నెలలకోసారి మూత తీసి, సన్నటి రేకు మధ్యలో పెట్టి చూసి, ఆ ఎడం సరిచేయాలి.

మా ఇంట్లో ఆ పని అల్లుడిది.

అతను కార్ల కరెంటు పని చేస్తాడు. ఒకప్పుడు అతని షాపు మా ఊళ్లోనే, నేను యూనిఫారాలు ఇచ్చే బడి వెనక సందులో ఉండేది. మా అమ్మాయి పద్దెనిమిదేళ్లు నిండగానే కారు నేర్చుకుని, మూటలు తనే తీసుకెళ్లేది. బరువు ఎక్కువైతే నేనూ వెంట వెళ్లేవాణ్ణి. కారు ఆగిపోతే ఆ షాపుకే తీసుకెళ్లేది. "కారు బాగుచేయించుకొస్తానని వెళ్లి, బాగుచేసేవాణ్ణే తీసుకొచ్చింది" అని మా ఆవిడ ఎవరొచ్చినా చెప్పుకుని నవ్వేది. పెళ్లయ్యాక వాళ్లు రెండు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో షాపు పెట్టుకున్నారు. ఆరేళ్లు బాగానే గడిచాయి. పిల్లలు లేరన్న దిగులు తప్ప ఇంకో లోటు లేదు. నాలుగేళ్ల క్రితం జ్వరమని ఆసుపత్రికి వెళ్లింది. పదకొండో రోజున మాకు మిగలలేదు.

కూతురు ఉన్నన్నాళ్లూ అల్లుడు అల్లుడే. తర్వాత ఆ వరస దేన్ని పట్టుకుని నిలుస్తుందో నాకు తెలియదు. చొక్కా చిరిగిపోయాక గుండీ ఒక్కటీ చేతిలో మిగిలినట్టు ఉంటుంది. పారేయలేం, కుట్టుకోవడానికి గుడ్డ లేదు.

మొదటి ఏడాది పాయింట్లు నిజంగానే అరిగాయి. ఫోన్ చేస్తే ఆదివారం పొద్దున్నే మోటారు సైకిల్ మీద వచ్చాడు. గంట పని. తర్వాత పెరట్లో కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అన్నం తిన్నాడు. ముందు గదిలో కుర్చీలోనే కాసేపు కునుకు తీశాడు. నేను కుట్టుమిషను తొక్కితే లేస్తాడేమోనని ఖాళీగా కూచున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, నిద్రపోతున్న మనిషిని అలా చూస్తూనే ఉంది. సాయంత్రం నాలుగింటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి చాలాకాలం తర్వాత ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఆ తర్వాత ఆ పాడు కారు, ఎన్నడూ లేనిది, బుద్ధిగా నడవడం మొదలుపెట్టింది. మూడు నెలలు, నాలుగు నెలలు. "కారు ఏమైనా చప్పుడు చేస్తోందా?" అని మా ఆవిడ అడిగేది. "లేదే" అనేవాణ్ణి. "ఓహో" అనేది. ఒక్క వారంలోనే నాలుగుసార్లు అడిగింది. ఆ "ఓహో" వినలేక, ఒకరోజు తెల్లవారుతూనే బానెట్ ఎత్తాను. అల్లుడు పని చేస్తుంటే పక్కన నిలబడి చూసినవాణ్ణే కదా. మూత తీశాను, చిన్న స్క్రూ వదులు చేశాను, పాయింటు కింద రేకుని కాస్త జరిపాను. ఎడం పెరిగింది. మళ్లీ బిగించేశాను. కారు ఎక్కి వీధి చివరికి వెళ్లేసరికి దగ్గడం మొదలుపెట్టింది.

"బాబూ, మళ్లీ మిస్సింగ్ కొడుతోంది" అని ఫోన్ చేశాను.

"ఆదివారం వస్తా మామయ్యా" అన్నాడు.

అలా మూడేళ్లు. మరీ దగ్గర దగ్గరగా కాకుండా, మూడు నెలలకోసారి. పక్కింటి రిటైరైన పోస్టుమాను గోడ మీంచి తొంగిచూసి ఎప్పుడూ ఏడిపించేవాడు.

"ఏవోయ్ దర్జీ, నీ కారు నడిచిన రోజుల కంటే నోరు తెరుచుకుని నిలబడ్డ రోజులే ఎక్కువ. అమ్మేయరాదూ?"

"కొనేవాడు దొరకాలి కదా."

"తూకానికి తీసుకుంటారులే. నీ కత్తెర కూడా కలిపి ఇచ్చెయ్."

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒక మనిషిని చూడాలన్న కోరికలో తప్పేముంది? దానికి అబద్ధం తోడైతే కోరిక కూడా చెడ్డదైపోతుందా? ఈ ప్రశ్న దేవుణ్ణి అడగాలనుకుంటూనే, అడగకుండా రోజులు నెట్టుకొచ్చాను.

ఈ మధ్య ఒక ఆదివారం అల్లుడు పిలవకుండానే వచ్చాడు. మోటారు సైకిల్ చప్పుడు వినగానే మా ఆవిడ నా వైపు చూసింది. "కారు మళ్లీ పోయిందా? నాకు చెప్పలేదేం?" అంది. "పోలేదే" అన్నాను. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. గుండె మాత్రం తేలికైపోయింది. పిలవకుండా వచ్చాడంటే, మమ్మల్ని చూడాలనిపించి వచ్చినట్టే కదా.

చేతిలో అరచెయ్యంత అట్టపెట్టె ఉంది.

"ఏమిటి బాబూ అది?"

"మీ కారు రోగానికి మందు మామయ్యా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్."

పెట్టె తెరిచి చూపించాడు. రెండు వైర్లున్న ఒక నల్లటి బిళ్ల, ఒక చిన్న ఉంగరం. ఉంగరంలో అయస్కాంతాలు ఉంటాయట. డిస్ట్రిబ్యూటర్ అలాగే ఉంటుందట కానీ, లోపల పాయింట్లు తీసేసి ఈ బిళ్ల పెడతారట. ఉంగరం తిరుగుతుంటే ఆ అయస్కాంతాల్ని బట్టి, నిప్పురవ్వ ఎప్పుడు రావాలో ఆ బిళ్లే చూసుకుంటుందట.

"ఒకదానికొకటి తగలవు. కాబట్టి అరగడానికి ఏమీ లేదు. ఎడం సరిచేసే పనే లేదు" అన్నాడు.

"అంటే మూత తీయనే అక్కర్లేదా?"

"ఏళ్ల తరబడి అక్కర్లేదు."

"ఎవరూనా?"

"ఎవరూ" అన్నాడు అల్లుడు, సంతోషంగా.

మా ఆవిడ టీ తెచ్చింది. అతను గ్లాసు అందుకుని, తాగకుండా చేతిలోనే తిప్పుతూ కూచున్నాడు. కార్ల పనివాడు, వేడి అతని వేళ్లకి లెక్కలేదు.

"అత్తయ్యా, ఒక మాట చెప్పాలి" అన్నాడు చివరికి. "మా అక్క ఒక సంబంధం తెచ్చింది. మందుల షాపులో పని చేస్తుంది ఆ అమ్మాయి. నేను వద్దని చాలాసార్లు... ఈసారి అనలేకపోయాను. వచ్చే నెలలో."

మా ఆవిడ కొంగు సర్దుకుంది. "మంచి మాట నాయనా. ఎన్నాళ్లని ఒక్కడివే వండుకుంటావు" అంది. "ఉండు, చక్కెర తెస్తాను" అని లోపలికి వెళ్లింది. చక్కెర డబ్బా బల్ల మీదే ఉంది. ఇద్దరం దాని వైపు చూశాం.

నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. మంచిదనే అని ఉంటాను. మనసులో మాత్రం ఒక పిచ్చి ఆలోచన తిరుగుతోంది. ఇకనుంచి ఇతనికి ఇంకో మామగారు ఉంటారు. ఆయన కొత్త మామగారు. నేనేమో పాత మామగారిని. ఆ కొత్తాయనకి కారు ఉందో లేదో. ఉంటే, దానికి పాయింట్లు ఉన్నాయో లేవో.

పనిలోకి దిగాం. ఇంటి ముందు రేకుల షెడ్డు కింద కారు. ముందు బ్యాటరీ వైరు తీసేశాడు. నేను స్పానర్ పెట్టి ఇంజనుని చేత్తో మెల్లగా తిప్పుతుంటే, "ఇంకొంచెం, ఇంకొంచెం... ఆఁ, చాలు" అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముల్లు ఎటు చూస్తోందో గుర్తు పెట్టాలన్నాడు. నా జేబులో దర్జీ సుద్ద ఎప్పుడూ ఉంటుంది, తీసి గీత గీశాను.

"మీ గీత ఉంటే ఇంక కొలత ఎందుకు మామయ్యా" అన్నాడు నవ్వుతూ.

పాయింట్లు విప్పి నా చేతిలో పెట్టాడు. చిన్న వస్తువు. కొసలు నల్లగా మాడి ఉన్నాయి. పన్నెండు ఆదివారాలు నా చేతిలో ఉన్నట్టనిపించింది. అతను మాత్రం కొత్త బిళ్ల బిగించడంలో మునిగిపోయాడు. ఉంగరాన్ని మధ్యలో తిరిగే కడ్డీ మీద పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కున కూచుంది. ముల్లు పెట్టాడు, మూత పెట్టాడు. పక్కనున్న రంధ్రంలోంచి రెండు వైర్లు బయటికి లాగాడు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు.

"ఇవి కరెంటు పెంచే కాయిల్‌కి తగిలించడమే మిగిలింది. ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. మీరు బిగించండి, నేను ఈలోగా చేతులు కడుక్కొస్తా. తిరగేస్తే మాత్రం తాళం తిప్పగానే కాలిపోతుంది, మళ్లీ కొత్తది తెప్పించుకోవాల్సిందే" అని పెరట్లోకి నడిచాడు.

రెండు వైర్లూ నా చేతిలో ఉన్నాయి.

కాలిపోతే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కొత్తది రావడానికి రెండు వారాలో మూడు వారాలో పడుతుంది. అది బిగించడానికి ఇంకోసారి రావాలి. ఒక్కసారి. పెళ్లికి ముందు ఒక్క ఆదివారం. అంతకంటే నేనేమీ అడగడం లేదు. 'దేవుడా, కాసేపు ఇటు చూడకు' అనుకున్నాను. చిన్నప్పటినుంచి నన్ను చూడు, నన్ను చూడు అని మొక్కినవాణ్ణి. చూడకు అని అడగడం అదే మొదటిసారి.

నల్లది ప్లస్‌కి పెట్టాను. ఎర్రది మైనస్‌కి పెట్టాను. నట్లు బిగించాను. మీద పాత గుడ్డ పడేశాను.

అల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గుడ్డ ఎత్తి చూస్తాడనుకున్నాను, చూడలేదు. బ్యాటరీ వైరు తగిలించి, "అత్తయ్యా! ఇలా రండి" అని పిలిచాడు. మా ఆవిడ కళ్లు తుడుచుకున్న కొంగుతోనే చేతులు కూడా తుడుచుకుంటూ వచ్చింది.

"మీ చేత్తో స్టార్ట్ చేయండి అత్తయ్యా."

"నేనా? ముప్పై ఏళ్లలో నేనెప్పుడైనా ఆ చక్రం ముట్టుకున్నానా?"

"చక్రం ముట్టుకోనక్కర్లేదు. తాళం తిప్పితే చాలు. మొదటిసారి మీ చెయ్యి పడాలి."

ఆవిడ సిగ్గుపడుతూనే డ్రైవరు సీట్లో కూచుంది. అక్కడ కూచుంటే మా అమ్మాయే కూచున్నట్టుంది. అదే మెడ, అదే భుజాలు. తాళం ఎటు తిప్పాలో తెలియక అతని వైపు చూసింది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి చూపించాడు. ఆవిడ వేళ్లు తాళం మీద పడ్డాయి.

తన చెయ్యి మంచిది కాదనుకుంటుంది. ఆ మాటే నాకు తట్టింది. కాలిపోయిన వాసన రాగానే, నా చెయ్యి పడింది కాబట్టే ఇలా అయింది అనుకుంటుంది. కూతురు పోయినప్పుడు కూడా, ఆసుపత్రికి తను వెళ్లిన రోజే పోయిందని ఏడాది పాటు అలాగే అనుకుంది.

"ఆగు!" అని అరిచాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"వైర్లు తిరగబడ్డాయి" అన్నాను.

అల్లుడు గుడ్డ తీసి చూశాడు. "అరె. మంచిపని చేశారు మామయ్యా, చూసుకున్నారు. పరవాలేదు, పొరపాట్లు..."

"పొరపాటు కాదు. కావాలనే పెట్టాను."

అతను స్పానర్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా ఆవిడ తాళం మీంచి చెయ్యి తీసేసింది. ఒకసారి నోరు తెరిచాక ఇంక ఆగడం నావల్ల కాలేదు.

"ఇదొక్కటే కాదు బాబూ. మూడేళ్లుగా నువ్వొచ్చిన ప్రతిసారీ... ఆ పాయింట్లు వాటంతట అవి పోలేదు. నేనే స్క్రూ వదులు చేసేవాణ్ణి."

కారులోంచి మా ఆవిడ "అమ్మో!" అంది.

అల్లుడు వంగి, నెమ్మదిగా నట్లు విప్పి, వైర్లు మార్చి పెట్టడం మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"తెలుసు మామయ్యా."

"తెలుసా?"

"పాయింటుకి కింద మడమలాంటిది ఉంటుంది. కడ్డీకి రాసుకుని రాసుకుని అది అరుగుతుంది. అరిగితే ఎడం తగ్గుతుంది. ఏ కారైనా, ఎవరి కారైనా, అలా తగ్గిపోతుందే తప్ప పెరగదు. మీ కారులో ప్రతిసారీ పెరిగేది."

"పెరగదా?"

"జన్మలో పెరగదు."

ముప్పై ఏళ్లు కారు నడిపినవాణ్ణి. గుడ్డకి పై వైపు ఏదో, లోపలి వైపు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలవాణ్ణి. ఆ రేకుని ఇటు కాకుండా అటు జరపాలని నాకు తట్టలేదు.

"కొలత వెంట్రుకంత తప్పితే పిల్లల నిక్కర్లు కూడా విప్పి కుట్టే మనిషి" అంది మా ఆవిడ కారు దిగుతూ. "చెడగొట్టడం కూడా తిన్నగా చేతకాలేదా మీకు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మిమ్మల్ని అల్లుడు రెండోసారికే పట్టేశాడు."

ఆవిడ గొంతులో కోపం లేదు. నా వైపు చూసిన చూపు, పెళ్లైన కొత్తలో ఎప్పుడో చూసినట్టుంది.

"మరి తెలిసి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను అతన్ని.

"చెబితే మానేస్తారు. మానేస్తే మళ్లీ ఎలా పిలుస్తారు?"

నట్టు బిగించి నడుం ఎత్తాడు. అతని మొహంలోకి నవ్వు రాబోయి ఆగింది.

"ఈ విద్య మీ ఇంట్లో వంశపారంపర్యం మామయ్యా. మీ అమ్మాయి మీకంటే తెలివిగా చేసేది. పాయింట్ల జోలికి వెళ్లేది కాదు. డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే కండెన్సర్ వైరు ఊడదీసేది. అది పైకి కనిపించదు, కుదుపులకి ఊడిందేమో అనిపిస్తుంది. పెళ్లికి ముందు ఒకే నెలలో మూడుసార్లు నా షాపుకి తెచ్చింది కారు."

"మూడుసార్లా? ఏ నెల?"

"వానలు పడ్డ నెల."

"ఓరి దేవుడా! ఆ నెల నేనే తోశాను రా! బడి దగ్గర్నుంచి సందు మలుపు దాకా, వానలో, నడుం పట్టేసేలా నేనే తోశాను! అది లోపల కూచుని, 'ఇంకొంచెం గట్టిగా నాన్నా' అనేది!"

"నాకు తెలుసు. మీరు వగరుస్తూ వచ్చి నా స్టూలు మీద కూలబడేవారు. తను మీ వెనక నిలబడి నవ్వేది."

ముందు నవ్వింది మా ఆవిడే. తర్వాత నేను. కారు మడ్‌గార్డ్ పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆ నీళ్లు ఎక్కడ మారాయో నాకు తెలియదు. పోయిన పిల్ల గురించి మాకు తెలిసినవన్నీ పదేపదే చెప్పుకుని అరగదీశాం. కొత్త సంగతి ఇంక ఏదీ రాదనుకున్నాం. నాలుగేళ్ల తర్వాత, నా కూతురు నాతో ఆడిన ఒక అబద్ధం నా ఇంటికొచ్చింది. అల్లుడు పనిముట్లు ఒక్కొక్కటే తుడుస్తూ, మావైపు చూడకుండా, మాకు సమయం ఇచ్చాడు.

కాస్త తేరుకున్నాక అడిగాను. "మరి ఇవన్నీ తెలిసీ ఈ బిళ్ల ఎందుకు తెచ్చావు? నన్ను వదిలించుకోడానికా?"

అతను చేతిలోని గుడ్డ మడిచాడు.

"మీరు అలా ఎడం పెంచేసి వెళ్లి, ఎక్కడో నడిరోడ్డు మీద ఆగిపోతే? పక్కన అత్తయ్య ఉంటే? ఇన్నాళ్లూ మీరు పిలవగానే వచ్చేవాణ్ణి. ఇకమీద వెంటనే రాలేకపోవచ్చు." అన్నాడు. "ఇంకోటి. మూడు నెలలకోసారి కారు పోయిందని బయల్దేరితే, ఆ వచ్చే మనిషి అడుగుతుంది కదా, అదేం కారండీ అని. ఆమెకి నేను అబద్ధంతో మొదలుపెట్టలేను మామయ్యా. అబద్ధం మీదొక్కరిదే కాదు. తెలిసి వచ్చాను కాబట్టి నాది కూడా."

అతను చెప్పింది న్యాయం. న్యాయమైన మాట విన్నప్పుడు మనసు ఎందుకు కుదుటపడదో నాకు తెలియదు.

మా ఆవిడ మళ్లీ సీట్లో కూచుని తాళం తిప్పింది. సగం చుట్టుకే ఇంజను అందుకుంది. అల్లుడు ఒక చెయ్యి డిస్ట్రిబ్యూటర్ మీద వేసి అటూ ఇటూ పిసరంత తిప్పి, చెవితో విని, టైమింగ్ చూసే దీపం పట్టి చూసి బిగించేశాడు. ఆ కారు అంత మెత్తగా నడవడం నేనెప్పుడూ వినలేదు. పోస్టుమాను గోడ మీంచి తల పెట్టి, "ఏవోయ్, దాని దగ్గు తగ్గిందే?" అన్నాడు.

అల్లుడు అన్నం తిన్నాడు. ఆరోజు కునుకు తీయలేదు. బయల్దేరేటప్పుడు ఎప్పుడూ ముగ్గురం, "సరే, మళ్లీ కారు మొరాయిస్తే" అనుకునేవాళ్లం. ఆరోజు ఆ మాట ఎవరూ అనలేకపోయాం. అతను హెల్మెట్ పెట్టుకుని కాసేపు నిలబడి, "వస్తా" అన్నాడు. అందరూ వెళ్తూ అనే మాటే.

పెళ్లికి బట్టలు నేనే కుట్టాను. మొదటి పెళ్లికి కుట్టినప్పటి కొలతల పుస్తకం తీశాను. ఈ నాలుగేళ్లలో మనిషి చిక్కాడని అంచనా వేసి నడుం దగ్గర అంగుళం తగ్గించాను. మేం వెళ్లలేదు. "మనం వెళ్తే అందరి కళ్లూ మన మీదే ఉంటాయి. పాపం ఆ పిల్ల పెళ్లి అది" అంది మా ఆవిడ. పార్సిలు బస్సులో పంపించాం. సరిగ్గా సరిపోయాయని ఫోన్ చేశాడు. వెనక జనం గోల, ఎక్కువ మాట్లాడలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు కారు ఒక్కపూట కూడా పేచీ పెట్టలేదు. చినుకు పడ్డా, మంచు పడ్డా తాళం తిప్పగానే లేచేది. అంత బాగా నడిచే వస్తువు మీద అంత కోపం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఆవిడ దాని చప్పుడు గురించి అడగడం మానేసింది. ఆదివారాలు పొద్దున్నే ముందు గది ఊడ్చి, అతను కూచునే కుర్చీ కిటికీ దగ్గరికి జరిపేది. మధ్యాహ్నం దాటాక మళ్లీ గోడకి జరిపేది. నేను చూడనట్టు మిషను తొక్కుకునేవాణ్ణి. ఫోన్ తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. ఏమని చేయాలి? ఏ పనీ లేకుండా పెళ్లైన మనిషిని పిలవడానికి నేనెవర్ని?

'ఏదో ఒక కారణం చూపించు దేవుడా' అని రోజూ మొక్కుకున్నాను. ఒకరోజు పొద్దున అలా మొక్కుతుండగా నాకే అనుమానం వచ్చింది. నేను ఆయన దగ్గరికి వెళ్లేది ఎప్పుడూ ఏదో ఒక పని పట్టుకునే. నడుం నొప్పి అని, వాన రావాలని, కూతురు బతకాలని, కారు చెడిపోవాలని. ఏ పనీ లేకుండా ఒక్కరోజైనా వెళ్లానా? వెళ్తే ఆయన ఎందుకొచ్చావని అడుగుతాడా? అడగడనే అనిపించింది. నాకు పెద్ద చదువు లేదు, ఇందులో తప్పుంటే ఆయనే దిద్దాలి. కానీ ఆ రోజు దణ్ణం పెట్టి, ఏమీ అడక్కుండా కాసేపు ఊరికే నిలబడ్డాను. బయటికొచ్చి ఫోన్ చేశాను.

ఆడ గొంతు పలికింది. "హలో, ఎవరండీ?"

ఆ అమ్మాయికి నేనేమవుతానో ఎంత వెతికినా వరస కలవలేదు. కొసకి, "నేను... దర్జీని అమ్మా" అన్నాను.

"ఓ, కారు మామయ్యగారా!" అంది. నాకు ఆ ఇంట్లో పేరు కూడా ఉందన్నమాట. "ఆయన షాపులో ఉన్నారండీ, పక్కనే. కారు ఆగిపోయిందా? ఎక్కడున్నారు మీరు? రోడ్డు మీదా?"

"లేదమ్మా. ఇంట్లోనే ఉన్నాను. కారు బాగానే ఉంది."

"మరి?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఊరికే చేశాను" అన్నాను.

అవతల టక్‌మని చప్పుడైంది. పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఉండండి మామయ్యగారూ, పిలుస్తాను. పెట్టేయకండి" అంది. చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఏదో లారీ హారను. దూరంగా ఆమె గొంతు: "ఏమండీ! కారు మామయ్యగారు!" అతని గొంతు ఇంకా దూరంగా: "ఏమైందట కారుకి?"

"కారుకేం కాలేదట. ఊరికే చేశారట."

స్పానర్ నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అతను వచ్చేలోపు ఏం మాట్లాడాలో అనుకుందామని చూశాను. ఒక్క మాటా తట్టలేదు. మా ఆవిడ దగ్గరికొచ్చి నా భుజానికి తల ఆనించి, ఫోన్ దగ్గర తన చెవి కూడా పెట్టింది. అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.